నేనెక్కని ముప్పై ఏడు గుమ్మాలు

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. డైరీలో కూడా రాయలేదు.

నేను డైరీ రాయని రోజు లేదు. బస్సులో ఎవరో కాలు తొక్కితే రాశాను. చదివిన పుస్తకంలో నచ్చిన వాక్యం రాసుకున్నాను, నచ్చనిది కూడా రాసుకున్నాను. అమ్మ నా మీద విసుక్కున్నా రాశాను. అలాంటిది, ఏడేళ్ల కిందటి డైరీలో ఫిబ్రవరి నెలలో మూడు పేజీలు తెల్లగా ఉన్నాయి. ఆ మూడు పేజీలూ నా అరలో ఉన్న పుస్తకాలన్నిటి కంటే బరువు. ఇల్లు సర్దినప్పుడల్లా ఆ డైరీని తెరవకుండా తుడిచి, తిరిగి పెట్టేసేదాన్ని.

మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. నాలాంటి దానికి అదొక్కటే ధైర్యం.

పీజీ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఒక ఊళ్లో అరవై ఇళ్లకి వెళ్లి, అరవై మంది ఆడవాళ్లని ప్రశ్నలడిగి, అరవై ఫారాలు నింపాలి. ఇరవై మూడిళ్లకి వెళ్లాను. మిగిలిన ముప్పై ఏడు ఫారాలూ గదిలో కూర్చుని నేనే నింపాను.

రాసేశాను. ఇంత చిన్న వాక్యమా? దీనికి ఏడేళ్లా?

మాది విజయనగరంలో కిరాణా కొట్టు ఉన్న కుటుంబం. కొట్లో నాన్న గొంతు వీధి చివరిదాకా వినిపించేది. నా గొంతు పక్క గదిలోకి కూడా వెళ్లేది కాదు. ఎవరైనా చుట్టాలొస్తే నేను వంటింటి తలుపు వెనక పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. స్టాటిస్టిక్స్ తీసుకోవడానికి కారణం కూడా అదే అనుకుంటాను. అంకెలతో మాట్లాడక్కర్లేదు. అవి నన్ను ఎగాదిగా చూడవు.

కానీ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? మనుషుల నోట్లోంచే వస్తాయి. ఆ సంగతి నాకు చివరి ఏడాదిలో తెలిసింది.

మా మేడం క్లాసులో పదే పదే చెప్పేవారు. నమూనా తీసేటప్పుడు మన ఇష్టాయిష్టాలకి చోటివ్వకూడదు, ఎవరిని అడగాలో చీటీ చెప్పాలి, మనం కాదు. మంచి ఇల్లు చూసుకుని, నవ్వుతూ పలకరించేవాళ్లని చూసుకుని అడిగితే అది ఊరి మాట అవదు, మనకి అనువైన వాళ్ల మాట అవుతుంది. నేను ఆ వాక్యాన్ని కూడా డైరీలో రాసుకున్నాను. నమ్మాను కూడా.

రాజాం దాటి ఆటోలో వెళితే మా పిన్ని వాళ్ల ఊరు వస్తుంది. బాబాయికి ఆ ఊళ్లో కొట్టుంది. చుట్టూ అంతా రైతుల ఇళ్లు. ఊళ్లో ఆడవాళ్లు ఉదయం పూట ఏం తింటున్నారు అన్నది నా ప్రాజెక్టు. బాబాయి పంచాయతీలో అడిగి ఇంటి నంబర్లు తెచ్చిపెట్టారు. వాటన్నిటినీ చీటీల మీద రాసి, పిన్ని వాళ్ల స్టీలు తపేలాలో వేసి కలిపి, అరవై తీశాను. పద్ధతి ప్రకారం చేశాను. తపేలా దగ్గర కూర్చున్నంతసేపూ నేను చాలా నిజాయితీ ఉన్న మనిషిని.

మొదటి రెండు రోజులూ పిన్ని తోడొచ్చింది. ఆవిడే పలకరించేది, నేను రాసుకునేదాన్ని. మూడో రోజు పిన్నికి కుదరలేదు. ఒక్కదాన్నే బయల్దేరాను. ఇరవై మూడో చీటీ అప్పలనర్సమ్మ గారిది.

ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. యాభై దాటిన మనిషి. నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. నన్ను చూసి ఆవిడ చుట్ట బయటికి తీసింది.

"ఎవలే ఈ గుంట?"

"కొట్టాయన వదిన కూతురంట. ఏటో సదువుకుంటన్నాది," అంది పక్కావిడ.

నేను ఫారం తీసి, అందులో ఉన్నది ఉన్నట్టు చదివాను. "ఉదయం అల్పాహారం తింటారా అండీ?"

"ఏటి?"

మళ్లీ చదివాను.

"గట్టిగా మాటాడమ్మా. నోట్లో లడ్డూ ఉన్నాదేటి?"

"పొద్దున్న ఏమైనా తింటారా?"

"తిన్ను." చుట్ట దులిపింది. "నువ్వు తిన్నావేటి?"

"తిన్నానండి. ఉప్మా."

"ఉప్మా తిన్నా మాట పైకి రాటం నేదు. ఏటీ తినకపోయినా మా గొంతు పక్కూరికి ఇనబడతాది, సూడు."

ముగ్గురూ నవ్వారు. ఎగతాళి కూడా కాదది, ఇప్పుడు తెలుస్తోంది. ఎండలో పని చేసుకుంటూ మధ్యలో దొరికిన నవ్వు. కానీ అప్పుడు నా చెవులు వేడెక్కిపోయాయి. ఫారంలో "తింటారా" అన్న చోట "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. వయసు అడిగితే, "యాబై ఉంటాయి గావాల, రాసుకో ఏదోటి" అంది. రాసుకున్నాను. ఆవిడ పక్కన ఒక స్టీలు చెంబు ఉంది. అంచుకి బూడిదరంగు చారికలున్నాయి, చెంబు మీద ఒక ఉల్లిపాయ ముక్క ఉంది. చూశాను. చూసి కూడా "లేదు" అనే రాశాను. ఎందుకంటే ఆవిడ "తిన్ను" అంది, నా ఫారంలో "తింటారా" అని ఉంది.

ఇరవై నాలుగో చీటీ ఆ పక్కిల్లే. ఎనభై నాలుగో నంబరు. రెండు గుమ్మాల మధ్య పది అడుగులు ఉంటాయేమో. ఆ పది అడుగులు నడవాలంటే ఆ ముగ్గురి ముందు నుంచీ వెళ్లాలి. అక్కడ మళ్లీ నోరు తెరవాలి. వాళ్లు వింటూ ఉంటారు.

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం పిన్ని వాళ్ల మేడ మీది గదిలో, సబ్బుల అట్టపెట్టెల మధ్య చాప వేసుకుని కూర్చున్నాను. మొదటి ఫారం నింపేటప్పుడు, మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా దాన్ని చాప కిందకి తోశాను. రెండోదానికి ఆ భయం తగ్గింది. ఐదోదానికి, నిజం చెబుతున్నాను, బాగుంది. చాలా బాగుంది. ఇది మీకు చెప్పకపోతే ఒప్పుకోలు సగమే అవుతుంది. నేను పుస్తకాలు చదివిన పిల్లని. మనుషుల్ని కల్పించడం నాకు చేతనైన పని. కాంతమ్మ, ముప్పై ఏడేళ్లు, అత్తతో పడదు. పైడితల్లి, నలభై మూడు, కుట్టు మిషను ఉంది. ఎనభై నాలుగో నంబరులో రాజేశ్వరి, ముప్పై ఆరు, ఇద్దరు పిల్లలు, భర్త విశాఖలో వెల్డరు. ఎవరూ నన్ను గట్టిగా మాట్లాడమనలేదు. అందరూ నేను రాసిందే చెప్పారు. నల్ల పెన్నుతో కొన్ని, నీలం పెన్నుతో కొన్ని రాశాను. రెండు ఫారాల మీద కావాలని నీటి చుక్క వేశాను.

చదువు కూడా పనికొచ్చింది. మొదటి ఇరవై మూడింట్లో "లేదు" అన్నవాళ్లు ఇరవై మంది. ఆ నిష్పత్తి చెడకుండా మిగతావి నింపాను. ఎక్కడా అనుమానం రాకుండా అక్కడక్కడ నాలుగైదు "అవును"లు చల్లాను. మేడం నేర్పిన ప్రతి పద్ధతినీ తలకిందులు చేసి వాడాను. మూడు రోజులు అలా రాశాను. ఆ మూడు రోజులే నా డైరీలో తెల్లగా ఉన్నవి. అన్ని జీవితాలు కల్పించాక నా గురించి రాయడానికి సిరా ఉండదు కదా.

సెమినారులో నా ప్రాజెక్టే మొదటిది అన్నారు. "ఈ గ్రామంలో అత్యధిక శాతం మహిళలు ఉదయం ఏమీ తినడం లేదు" అన్న వాక్యం తెర మీద పడగానే ముందు వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. తర్వాత చప్పట్లు. మేడం ఫారాలు తిరగేసి, అందరి ముందూ నన్నడిగారు.

"వయసులు ఇంత కచ్చితంగా ఎలా రాబట్టావమ్మా? పల్లెల్లో ఎవరూ ఇలా చెప్పరే."

"ఆధార్ కార్డులు చూశాను మేడం."

ఆలోచించకుండా వచ్చింది ఆ మాట. జీవితంలో మొదటిసారి నా గొంతు హాలు చివరిదాకా వినిపించింది, అదీ అబద్ధం చెప్పడానికి. మేడం సంతోషంతో తలూపారు. ఆవిడ రాసిచ్చిన ఉత్తరంతోనే నాకు ఇక్కడ డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ పోస్టు వచ్చింది. నేను బోధించేది ఏమిటో ఊహించగలరా? సర్వే పద్ధతులు.

ఏటా బోర్డు మీద "నమూనా" అని రాసేటప్పుడు నా వేళ్లు సుద్దముక్కని గట్టిగా నొక్కుతాయి. చివరి బెంచీ పిల్లలు ఏటా అదే మాట అంటారు: "మేడం, వినబడటం లేదు." పాఠం చెబుతూ చెబుతూ నేనే కొన్ని నేర్చుకున్నాను. వయసు సరిగ్గా తెలియని మనిషి నోరు సున్నా దగ్గరో ఐదు దగ్గరో ఆగుతుంది. నలభై, నలభై ఐదు, యాభై. నిజమైన ఫారాల్లో వయసులన్నీ అక్కడ గుంపు కడతాయి. నా ముప్పై ఏడు మందిలో అలాంటి గుంపు లేదు. ముప్పై ఏడు, నలభై మూడు, ఇరవై తొమ్మిది. ముత్యాల్లా విడివిడిగా ఉన్నాయి. పద్ధతి తెలిసినవాళ్లు ఒక్క నిమిషం ఆ వరుస మీద వేలు పెట్టి చూస్తే నా దొంగతనం బయటపడిపోతుంది. ఎవరూ పెట్టలేదు. పెట్టకపోతే ఊపిరి పీల్చుకోవాలి కదా, ఎందుకు ప్రతిసారీ కొంచెం నిరాశగా ఉండేది?

ఈ మార్చిలో మేడం ఫోన్ చేశారు. రిటైరయ్యాక విద్యార్థుల కోసం ఒక పుస్తకం రాస్తున్నారట. క్షేత్ర సర్వే ఎలా చేయాలో చెప్పే అధ్యాయంలో ఉదాహరణగా నా ప్రాజెక్టు వేస్తారట.

"ఫారాలు దాచే ఉంటావు నువ్వు. తీసుకురా అమ్మా. రెండు మూడు ఫోటో తీసి వేద్దాం, పిల్లలు చూసి నేర్చుకుంటారు."

ఫోన్ పెట్టేశాక అరలోంచి ఆ ఫారాల కట్ట తీశాను. ఇన్నాళ్లూ నా అబద్ధం నా అరలో ఉంది. ఇప్పుడు అది పుస్తకమవుతుంది. ఏటేటా కొత్త పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటారు. రాజేశ్వరి, ముప్పై ఆరు, భర్త వెల్డరు. ఆ ఫారం ఫోటో పక్కన "మంచి ఫారం ఇలా ఉంటుంది" అని ఉంటుంది.

ఆ వేసవి సెలవుల్లో పిన్ని వాళ్ల ఊరికి వెళ్లాను. ఒప్పుకోవడానికి సిద్ధమయ్యే వెళ్లాననుకోకండి. నా మనసులో ఉన్నది వేరు. అవే ముప్పై ఏడు గుమ్మాలూ ఎక్కి, నిజమైన ఫారాలు నింపి, దొంగవి తీసేసి, వాటి స్థానంలో ఇవి పెట్టేద్దామని. తేదీ ఒక్కటీ పాతది వేస్తే చాలు. ఎవరికీ తెలియదు. తప్పు దిద్దుకున్నట్టూ ఉంటుంది, పరువూ పోదు. దొంగ సొత్తుని చప్పుడు కాకుండా తిరిగి పెట్టేసి వచ్చే దొంగ కూడా ఇలాగే తనని తాను మెచ్చుకుంటాడేమో.

చీటీలు నా దగ్గరే ఉన్నాయి, పాత డైరీ అట్ట లోపల.

అప్పలనర్సమ్మ గారు అదే అరుగు మీద ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చుట్ట మాత్రం అలాగే ఉంది. నన్ను చూసి కళ్లు చికిలించింది.

"ఓలమ్మ, ఉప్మా గుంట కాదేటిది?"

ఏడేళ్లుగా ఆ ఊళ్లో నా పేరు అదేనని అప్పుడే తెలిసింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే సగం భయం పోయింది. పక్కన కూర్చుని, ఫారం తియ్యకుండా అడిగాను.

"పొద్దున్న ఏమైనా తిన్నారా అత్తా?"

"నేదు," అని చెంబెత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుంది.

ఈసారి ఊరుకోలేదు. "మరి అదేమిటి?"

"ఇదా? అంబలి."

"తినలేదన్నారు కదా."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "అంబలి ఎవలైనా తింటారేటే పిచ్చి గుంట? తాగుతారు గానీ. నువ్వు తింటావా అన్నావు, తిన్ను అన్నాను. తాగుతావా అని అడిగావేటి?"

రాగుల్ని మావైపు చోళ్లంటారు. చోడిపిండి అంబలి కాచి, రాత్రంతా ఉంచి, తెల్లారాక ఉల్లిపాయ నంజుకుని తాగి పొలానికి వెళతారు. మధ్యాహ్నం దాకా అదే బలం. ఇడ్లీ, ఉప్మా తిని పెరిగిన కొట్టు వాళ్ల పిల్లకి అది తెలియలేదు. అంటే నేను అబద్ధం రాసిన ముప్పై ఏడే కాదు, నిజంగా వెళ్లి అడిగిన ఇరవై మూడు కూడా తప్పే. వాళ్లు నిజమే చెప్పారు. నా ప్రశ్నే తప్పు. కొలవాలనుకున్నది ఒకటి, కొలిచింది ఇంకోటి. ఏటా ఈ పాఠం బోర్డు మీద రాస్తాను. పుస్తకంలో ఉన్న ఉదాహరణే చెబుతాను. నా కళ్ల ముందు చెంబు అంచున ఎండిన చారికల్ని మాత్రం నేను చదవలేకపోయాను. దొంగ ఫారాల్ని అసలు వాటిలా ఉండాలని అచ్చుగుద్దాను కదా, ఆ తప్పుని కూడా ముప్పై ఏడుసార్లు శ్రద్ధగా అచ్చుగుద్దాను.

తర్వాత లేచి ఆ పది అడుగులు నడిచాను.

ఎనభై నాలుగులో రాజేశ్వరి లేదు. ఏనాడూ లేదు. గుమ్మంలో గౌరమ్మ అనే ముసలావిడ కూర్చుని ఉంది. ఒక్కతే ఉంటుంది. ఎప్పటి నుంచి ఈ ఇంట్లో ఉన్నారని అడిగితే, కాపురానికొచ్చిన కాణ్నించీ అంది. వయసు అడిగాను. "డెబ్బై రాసుకో." రాసుకున్నాను.

"పొద్దున్న ఏమైనా తింటారా, తాగుతారా అమ్మా?"

"నేదమ్మా."

"అంబలి?"

"నేదు."

"టీ?"

"ఉంటే."

పక్క అరుగు మీంచి అప్పలనర్సమ్మ కేకేసింది. "ఏటే గౌరీ, గుంటకి అబద్దాలు సెప్తన్నావు? నీ ఇంట చోడిపిండి నేదేటి?"

"పిండున్నాది. సెయ్యే నేదు." గౌరమ్మ కుడిచేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంది, పసిపిల్లని పెట్టుకున్నట్టు. "ఇది లెగటం మానేసి ఎనిమిదేళ్లయినాది. అన్నమయితే దాని మానాన అదే ఉడుకుతాది. అంబలి కలుపుతా ఉండాల గదా. కలపనేను."

అప్పలనర్సమ్మ అరుగు దిగి వచ్చింది. చుట్ట చేతిలోనే ఆరిపోయింది.

"సెయ్యి సంగతి తెలుసు గానీ, అంబలి నేదని ఇన్నేళ్లూ ఒక్క మాట సెప్పనేదేటే?"

"అడిగిందెవలు?"

కోపంగా అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఎంత పొద్దయిందో చెప్పినంత మామూలుగా అంది.

ఆ మాట పక్కింటావిడని ఉద్దేశించి అన్నది. నాకు తెలుసు. అయినా అది వచ్చి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎనిమిదేళ్లు. అంటే నేను ఫారాలు పట్టుకుని పది అడుగుల దూరంలో నిలబడ్డ రోజున కూడా ఆ చెయ్యి ఇలాగే ఒళ్లో ఉంది. ఆ రోజు చీటీ ఆమె ఇంటి నంబరే చెప్పింది. ఊళ్లో అంతమందిలో, తపేలాలోంచి, నా చేత్తో నేనే తీశాను ఆ చీటీ. వెళ్లి ఆమెని అడగమని ఇచ్చిన చీటీ అది. నేను వెళ్లి రాజేశ్వరిని కల్పించుకున్నాను.

అప్పలనర్సమ్మ వెనక్కి వెళ్లి, చెంబులో మిగిలిన అంబలి తెచ్చి ఆమె ఎడమ చేతికిచ్చింది.

"తాగు. రేపట్నించి కలిపేది నాను, తాగేది నువ్వు. ఉప్పు నేదన్నావో, ఆ రెండో సెయ్యి కూడా ఇరగ్గొడతాను."

గౌరమ్మ తాగింది. చెంబు దించి, "ఉప్పు నేదు," అంది.

నాలుగు రోజుల్లో మిగతా గుమ్మాలన్నీ ఎక్కాను. ఒక్కదాన్నే. కొన్నిచోట్ల నేను నోరు తెరవకముందే "ఉప్మా గుంట వచ్చినాది" అన్న కేక నా కంటే ముందు లోపలికి వెళ్లింది. నాలుగిళ్లకి తాళాలు, పనుల కోసం విశాఖ వెళ్లిపోయారు. ఒకింటి ఆవిడ చనిపోయింది. నా పాత ఫారంలో మాత్రం ఆ ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ల కాంచన ఉంది. ఆ ఐదింటికీ "తాళం", "లేరు" అని రాశాను. ఆ మాటలు రాయడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తెలియనిదాన్ని తెలియదు అని రాయగలగడం ఇంత గొప్ప సుఖమని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మిగిలింది ముప్పై రెండు. ఇరవై తొమ్మిది మంది అంబలో, చద్దన్నమో తీసుకుంటున్నారు, నాకంటే గట్టిగా ఉన్నారు. ముగ్గురికి మాత్రం ఉదయం నిజంగానే ఏమీ లేదు. వాళ్లలో గౌరమ్మ ఒకరు.

ముగ్గురు. ఊరంతా పస్తులుంటోందని రాసి, నిజంగా పస్తులున్న ఆ ముగ్గుర్నీ ఆ గుంపులో దాచేశాను. ఆ హాల్లో వినిపించిన "అయ్యో" వాళ్లకి చెందాల్సింది. ముప్పై ఏడు మంది లేని మనుషులు దాన్ని పంచుకున్నారు.

తిరుగు బస్సులో నా ఒళ్లో రెండు కట్టలున్నాయి, పాత దొంగవీ, కొత్తవీ. కొత్తవాటి మీద తేదీ వేసే చోటు ఇంకా ఖాళీగా ఉంది. పాత తేదీ వేస్తే అంతా చక్కబడుతుంది. పెన్ను తీశాను. చీపురుపల్లి దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. గౌరమ్మ ఫారం మీద అంబలి మరక ఒకటుంది. నేను వేసిన చుక్క కాదు, అదే పడింది. దాని మీద పాత తేదీ ఎలా వెయ్యను? వేస్తే నేను ఏడేళ్ల కిందటే ఆమెని అడిగినట్టు అవుతుంది. అడిగిందెవలు? ఎవరూ అడగలేదు. అది కూడా లెక్కలోకి రావాలి కదా. ఆ ఏడేళ్లు కూడా.

ఆ నెల తేదీలే వేశాను. ముప్పై ఏడింటి మీదా.

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా మేడం ఇంటికి వెళ్లాను. ఆవిడ మెట్ల మీద మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. లోపలికి రమ్మనేలోపే అన్నాను.

"మేడం, నేను ఆధార్ కార్డులు చూడలేదు."

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పాను. గట్టిగానే చెప్పాను. పాత కట్ట చేతికిచ్చాను. ఆవిడ కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, వయసులున్న చోట వేలు పెట్టి ఒక్కో ఫారమే దాటుకుంటూ వెళ్లారు. ముప్పై ఏడు. నలభై మూడు. ఇరవై తొమ్మిది. ఏడేళ్లుగా ఎవరైనా పెడతారని నేను భయపడ్డ వేలు, ఎదురు చూసిన వేలు.

"కనబడుతూనే ఉంది," అన్నారు చివరికి. నాతోనో, తనతోనో తెలియదు. తర్వాత, "నువ్వు వెళ్లమ్మా," అన్నారు.

కొత్త కట్ట ఆ మెట్టు మీద పెట్టి వచ్చేశాను. ఆవిడ దాన్ని ముట్టుకోవడం నేను చూడలేదు. మళ్లీ ఫోన్ రాలేదు. నేను చేసినా ఎత్తలేదు. నా కాంట్రాక్టు పొడిగిస్తూ రావాల్సిన ఉత్తర్వు ఇంకా రాలేదు. ఆలస్యమో, ఆవిడే కాలేజీకి చెప్పారో నాకు తెలియదు. చెప్పి ఉంటే న్యాయమే. ఆ ఏడేళ్లు గౌరమ్మకి ఎవరూ తిరిగివ్వలేరు. క్షమించమని ఆమెని అడగనూ లేదు. ఏం అడగను? నా పేరే ఆమెకి తెలియదు, ఉప్మా గుంట అని తప్ప. మొన్న పిన్ని ఫోన్లో చెప్పింది, అంబలిలో ఉప్పు గురించి ఆ రెండు గుమ్మాల మధ్య రోజూ పోట్లాటేనట.

ఉత్తర్వు వచ్చేదాకా క్లాసులు చెప్పమన్నారు. కాలేజీ తెరిచిన వారానికి సర్వే పద్ధతుల మొదటి క్లాసు వచ్చింది. ఈసారి "నమూనా" అని రాయలేదు. బోర్డు మీద రెండు వరుసలు గీసి, బస్సులోనే డైరీలోకి ఎక్కించుకున్న వయసుల్లో ఒకదాని కింద నా దొంగ ఫారాల్లోవి, రెండోదాని కింద కొత్తవాటిలోవి రాశాను. వీటిలో ఒకటి దొంగది, ఏదో చెప్పమన్నాను. గుసగుసలు మొదలయ్యాయి. రెండో వరుసలో అన్నీ సున్నాలూ ఐదులే ఉన్నాయి కాబట్టి అదే దొంగదన్నారు కొందరు. కాదు, నిజం మనుషులు అలాగే చెబుతారని వివరించాను. మొదటి వరుసే కల్పితం, అందులో ఉన్నవాళ్లెవరూ లేరు అన్నాను.

చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "ఎవరు చేశారు మేడం అలా?"

సుద్దముక్క కింద పెట్టాను.

"నేను," అన్నాను.

ఆ రోజు చివరి బెంచీలో ఎవరూ వినబడలేదు అనలేదు.